మూకీ సినిమాలు ఎక్కడున్నాయి, ఎలా చూడాలి: మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మేం కొందరం కలిసి నెలకో శనివారం సాయంత్రం పాత మూకీ సినిమాలు వేస్తున్నాం. ఎక్కువగా పురాణాల నుంచో, నాటకాల నుంచో, నవలల నుంచో తీసినవే వేస్తాం, కథ ముందే తెలిస్తే మాటల్లేని సినిమా తొందరగా పట్టుబడుతుంది కాబట్టి. సినిమా అయిపోయి కుర్చీలు సర్దుతుంటే ప్రతిసారీ అవే ప్రశ్నలు, తర్వాత వారమంతా ఫోన్లో మళ్లీ అవే. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు రాసి జవాబులు పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరుసగా చదవాల్సిన పని లేదు.

## చూడకముందు అడిగేవి

మూకీ అంటే హాల్లో చప్పుడే ఉండేది కాదా సార్?

చప్పుడు బాగానే ఉండేది. ఫిల్మ్ మీద శబ్దం లేదు అంతే. తెర పక్కన హార్మోనియం, తబలా వాయించేవాళ్లు కూర్చునేవాళ్లు. మధ్యమధ్య వచ్చే టైటిల్ కార్డులు చదువు రానివాళ్లకు అర్థం కావు కాబట్టి ఒకాయన నిలబడి గట్టిగా చదివేవాడు, కథ కూడా చెప్పేవాడు. ఫైటింగ్ వస్తే ఈలలు, దేవుడు కనిపిస్తే దండాలు. కంప్యూటర్ ముందు ఒంటరిగా కూర్చుని సౌండ్ లేకుండా చూసి "బోర్ కొట్టింది" అనేవాళ్లను నేను తప్పు పట్టను, అప్పటి జనం దాన్ని అట్లా చూడనే లేదు.

పద్యాల్లేకుండా హరిశ్చంద్ర ఏంది? కథ ఎట్ల అర్థమైతది?

ఈ ప్రశ్న మా దగ్గర నాటకాలాడిన పెద్దవాళ్లు అడుగుతారు, వాళ్లకు కాటి సీను అంటే పద్యమే. మూకీలో ఆ పని ముఖం చేస్తుంది, చేతులు చేస్తాయి, కార్డు మీద రెండు ముక్కలు చేస్తాయి. నిజానికి మన ప్రాంతం వాళ్లకు ఇది కొత్త కాదు. చేర్యాల నకాషీ పటం చూసినవాళ్లకు తెలుసు, పొడుగాటి బట్ట మీద కథంతా వరుసగా బొమ్మలు గీసి ఉంటుంది, చెప్పేవాళ్లు దాన్ని కొంచెం కొంచెం విప్పుతూ, ఒక్కో బొమ్మను చూపిస్తూ పాడతారు. చుట్ట విప్పడం, బొమ్మ కదలడం, పక్కన ఒక మనిషి గొంతు. మూకీ ఆడిన తీరు దాదాపు ఇదే. మొదటిసారి వచ్చేవాళ్లకు నేను ఇదే చెబుతాను, సినిమా చూస్తున్నా అనుకోకండి, పటం కథ చూస్తున్నా అనుకోండి.

ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా తీశారు?

మన దేశంలో పూర్తి నిడివి కథాచిత్రాల లెక్క 1913 మే 3న బొంబాయి కారొనేషన్ సినిమాలో విడుదలైన దాదాసాహెబ్ ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర'తో మొదలవుతుంది. 1931 మార్చిలో 'ఆలం ఆరా' మాట్లాడింది, ఆ తర్వాత కూడా మూడేళ్లు మూకీలు వచ్చాయి. తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో.

## ఏం మిగిలింది, ఏం పోయింది

మొత్తం ఎన్ని తీశారు, ఎన్ని ఉన్నాయి?

మన దేశంలో పదమూడు వందలకు పైగా మూకీలు తీశారు. ఇప్పుడు కాస్తో కూస్తో చూడగలిగినవి ముప్పై లోపు. "చూడగలిగినవి" అని ఎందుకన్నానంటే వాటిలో చాలావరకు ముక్కలే, కొన్నిటికి ఒక రీలు, కొన్నిటికి కొన్ని నిమిషాలు. ఈ మాట చెప్పినప్పుడల్లా హాల్లో ఒక్క క్షణం నిశ్శబ్దం అవుతుంది. వందలో తొంభై ఏడు పోయాయని అర్థం.

మనం ఒక్కరమే పోగొట్టుకున్నాం అనుకోకండి. అమెరికాలో 1912–1929 మధ్య దాదాపు 11 వేల ఫీచర్ సినిమాలు తీస్తే, విడుదలైనప్పటి 35 ఎంఎం రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమేనని అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తేల్చింది. అంత డబ్బు, అంత చల్లటి వాతావరణం ఉన్న దేశంలో కూడా అంతే.

యూట్యూబ్‌లో ఉన్నది నిజంగా 1913 రాజా హరిశ్చంద్రేనా?

ఇది తెలివైన ప్రశ్న, ఒక ఇంటర్ అమ్మాయి అడిగింది. అసలు సినిమా నాలుగు రీళ్లు, సుమారు 3,700 అడుగులు. పుణె ఆర్కైవ్‌లో, అంటే పాత సినిమాలు భద్రపరిచే నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌లో, మిగిలింది మొదటి రీలు, చివరి రీలు. ఫాల్కే అదే కథను 1917లో మళ్లీ తీశాడు, మిగిలిన రీళ్లు ఆ రెండో సినిమావే అని చరిత్రకారుల్లో కొందరి వాదన. కాబట్టి వీడియో కింద "భారతదేశపు మొదటి సినిమా, పూర్తి" అని రాసి ఉంటే అందులో "పూర్తి" అన్నమాట కచ్చితంగా తప్పు, "మొదటి" అన్నమాట మీద తగాదా ఉంది. ఏదైనా సరే చూడండి. తారామతిగా, అంటే మన చంద్రమతిగా చేసింది సాళుంకే అనే మగ మనిషి, అప్పట్లో ఆడవాళ్లు ఎవరూ ముందుకు రాకపోతే ఫాల్కే ఒక హోటల్లో వంట పని చేసే కుర్రాణ్ని తెచ్చి చీర కట్టించాడు. ఆయనే 1917 'లంకాదహన్'లో రాముడూ చేశాడు, సీతా చేశాడు.

మన మొదటి తెలుగు మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' ఎక్కడ దొరుకుతది?

దొరకదు. 1921లో రఘుపతి వెంకయ్య నాయుడు, ఆయన కొడుకు ప్రకాశ్ మద్రాసులో తీశారు, ప్రకాశే భీష్ముడి వేషం వేశాడు. ప్రింటు లేదు. దానికంటే ముందు మద్రాసులోనే నటరాజ మొదలియార్ తీసిన 'కీచక వధం', అంటే దక్షిణాదిలో మొట్టమొదటి సినిమా, అదీ లేదు. ఆ మాటకొస్తే మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు కూడా లేదు. ఆన్‌లైన్‌లో ఆ పేర్లతో ఏదైనా వీడియో కనిపిస్తే అది ఇంకేదో సినిమా తునక అయి ఉంటుంది, షేర్ చేసేముందు ఒకసారి ఆగండి.

నిజాం రాజ్యంలో ఎవరూ తీయలేదా? అన్నీ బొంబాయి, మద్రాసేనా?

తీశారు, ఈ సంగతి మన జిల్లాల్లో చాలామందికి తెలియకపోవడం నాకు బాధ. ధీరేన్ గంగూలీ అనే బెంగాలీ ఆయన హైదరాబాద్ వచ్చి 1922లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. ఇక్కడే 'హర గౌరి', 'ఇంద్రజిత్', 'చింతామణి', 'యయాతి' లాంటివి తీశాడు, హాస్య సినిమాలు కూడా. పేర్లు చూడండి, అన్నీ మన వీధి నాటకాలకు, యక్షగానాలకు తెలిసిన కథలే. 1924లో ఆయన తన థియేటర్‌లో బొంబాయి నుంచి తెచ్చిన 'రజియా బేగం' అనే సినిమా వేశాడు, ఢిల్లీ సుల్తానా రజియా ప్రేమకథ అది. నిజాంకు కోపం వచ్చి రాజ్యం విడిచి పొమ్మన్నాడు. గంగూలీ కలకత్తా వెళ్లిపోయాడు, కంపెనీ మూతపడింది.

దేవదాసు మూకీ కూడా ఉందంటరు, నిజమేనా?

ఉండేది. శరత్‌బాబు నవలను మొదటిసారి తెరకెక్కించింది 1928లో నరేశ్ మిత్ర. ఇప్పుడు ప్రింటు లేదు.

అయితే ఫాల్కేది ఒక్కటే చూడాలంటే ఏది చూడను?

'కాళీయ మర్దన్', 1919. ఆలోచించకుండా చెబుతాను. ఫాల్కే సినిమాల్లో ఉన్నంతలో నిండుగా మిగిలింది ఇదే. నాసిక్‌లో ఫాల్కే కుటుంబం దగ్గర ఉన్న ఫిల్మ్ పుణె ఆర్కైవ్‌కు చేరబట్టి మనకు దక్కింది, దాని వెనక ఆ ఆర్కైవ్‌ను నిలబెట్టిన పి.కె. నాయర్ శ్రమ ఉంది.

కృష్ణుడిగా చేసింది ఫాల్కే కూతురు మందాకిని, ఏడేళ్ల పిల్ల. సినిమా మొదట్లోనే ఆ పిల్ల మామూలు బట్టల్లో కెమెరా ముందుకొచ్చి నవ్వు, కోపం, ఏడుపు ఒకదాని తర్వాత ఒకటి ముఖంలో చూపిస్తుంది. నూరేళ్ల కిందటి పిల్ల మనవైపే చూస్తూ బుంగమూతి పెడుతుంది! తర్వాత అదే పిల్ల కిరీటం పెట్టుకుని మడుగులోకి దూకుతుంది. నీటి అడుగున పాముతో పోరాటం ఇప్పటి గ్రాఫిక్స్ ముందు బొమ్మలాటే, అయినా మా హాల్లో పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. పోతన దశమ స్కంధం తెలిసిన ఒక రిటైర్డ్ తెలుగు పంతులు గారు నా పక్కనే కూర్చుని కాళింది మడుగు పద్యాలు చిన్నగా చదువుతూ ఉన్నారు, తెర మీద దృశ్యానికి ఆ పద్యాలు అతికినట్టు సరిపోయాయి. పోతన ఊరు బమ్మెర మా ఊరికి ఎంత దగ్గరో, ఆ సినిమా మాకు అంత దగ్గర అనిపించింది ఆ రోజు.

దక్షిణాదిలో నవల నుంచి తీసిన మూకీ ఒక్కటైనా బతికి ఉందా?

ఒకటి ఉంది, అది బతికిన కథ సినిమా కంటే గొప్పది. సి.వి. రామన్ పిళ్లై మలయాళ నవల 'మార్తాండవర్మ' ఆధారంగా 1933లో అదే పేరుతో మూకీ తీశారు. నవల హక్కులు ఉన్న పుస్తక ప్రచురణ సంస్థ "మా అనుమతి లేకుండా ఎట్లా తీస్తారు" అని కేసు వేసి గెలిచింది. సినిమా ఆగిపోయింది, నిర్మాత నష్టపోయాడు, ప్రింటు పుస్తకాల సంస్థ చేతికి పోయి అక్కడే ఉండిపోయింది. 1974లో పుణె ఆర్కైవ్ దాన్ని తెచ్చుకుంది. ఊరూరా తిరిగి ఆడిన సినిమాల ప్రింట్లు అరిగి, తెగి, కాలిపోయాయి. కేసులో ఇరుక్కుని ఎక్కడికీ పోనిది మిగిలింది.

బయటి దేశాల్లో పేరున్న నవలల మూకీలు దొరుకుతాయా?

చాలా దొరుకుతాయి. జూల్స్ వెర్న్ కథల స్ఫూర్తితో ఫ్రాన్స్ దర్శకుడు మెలియెస్ 1902లో తీసిన చంద్రుడి ప్రయాణం సినిమాకు చేత్తో రంగులు అద్దిన ప్రింటు 1993లో బార్సిలోనాలో బయటపడింది, ఏళ్ల తరబడి బాగుచేసి 2011లో కాన్ సినిమా ఉత్సవంలో చూపించారు. 1910 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్' మిగిలింది ఒకే ఒక్క ప్రింటు, ఒక అమెరికన్ కలెక్టర్ ఇంట్లో. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని బాగుచేసి 2018లో ఆన్‌లైన్‌లో పెట్టింది, పావుగంట కూడా ఉండదు. 'డ్రాక్యులా' నవలను అనుమతి లేకుండా వాడుకున్న 1922 'నోస్‌ఫెరాటు' ప్రింట్లన్నీ ధ్వంసం చేయమని జర్మనీ కోర్టు తీర్పిచ్చింది, రచయిత భార్య పట్టుబట్టి కేసు నడిపింది. అప్పటికే వేరే దేశాలకు వెళ్లిన కాపీలు దాన్ని బతికించాయి.

## ఎందుకు పోయాయి

ఫిల్మ్ అంటే ప్లాస్టికే కదా, అంత తొందరగా ఎట్ల పాడైతది?

అప్పటి 35 ఎంఎం ఫిల్మ్ సెల్యులోజ్ నైట్రేట్‌తో చేసేవాళ్లు, 1950ల మొదటి దాకా అదే. బొమ్మ చాలా అందంగా వస్తుంది, కానీ అది తుపాకీ మందుకు దాయాది లాంటి పదార్థం. ఒకసారి అంటుకుంటే దానికి కావలసిన ఆక్సిజన్ అదే తయారు చేసుకుంటుంది, నీళ్లలో ముంచినా కాలుతూనే ఉంటుంది. అంటుకోకపోయినా దానంతటదే కుళ్లుతుంది: ముందు బొమ్మ వెలిసి పసుపు రంగుకొస్తుంది, తర్వాత జిగటగా అయి పొరలు అతుక్కుంటాయి, తర్వాత గట్టి ముద్ద, చివరికి గోధుమరంగు పొడి. వేడి, తేమ ఎంత ఎక్కువైతే అంత తొందరగా. మన దగ్గర మే నెలలో రేకుల కప్పు కింద గది ఎట్లా ఉంటుందో తెలుసు కదా, అందులో పదేళ్లు పెడితే ఇంకేం మిగులుతుంది.

వెండి కోసం కరగబెట్టారంటరు, అది నిజమా?

నిజం. నలుపు తెలుపు ఫిల్మ్ మీద బొమ్మ వెండి రేణువులతోనే ఏర్పడుతుంది. టాకీలు వచ్చాక మూకీలను అడిగేవాడు లేడు, నిల్వ పెట్టడానికి అద్దె దండగ, పైగా నిప్పు భయం. పాత సామాన్లవాడు వచ్చి కిలోల లెక్కన కొంటానంటే అమ్మేశారు. వెండి తీసేశాక మిగిలిన పట్టీ గాజులకూ పర్సులకూ పోయింది. ఫ్రాన్స్‌లో కూడా మొదటి ప్రపంచ యుద్ధంలో మెలియెస్ ప్రింట్లను బూట్ల మడమల కోసం కరిగించారు.

వాళ్లను తిట్టుకోబుద్ధి కావడం లేదు నాకు. మన పటం కథల్లో కూడా కొత్త పటం గీయించుకున్నాక పాతదాన్ని నీళ్లలో కలిపే ఆచారం ఉండేది. కథ గొంతులో ఉంది, బొమ్మ మళ్లీ గీసుకోవచ్చు. సినిమా విషయంలో ఆ లెక్క తప్పింది, ఎందుకంటే మందాకిని ముఖాన్ని మళ్లీ ఎవరూ గీయలేరు.

పుణెలో ఆర్కైవ్ కాలిపోయిందని విన్నాను. అన్నీ పోయాయా?

అన్నీ కాదు. 2003 జనవరిలో పుణెలో నైట్రేట్ ఫిల్మ్ దాచిన గోదాము కాలింది, ఆరు వందలకు పైగా సినిమాల రీళ్లు బూడిదయ్యాయి. ఫాల్కేవి లాంటి వాటికి అంతకుముందే సేఫ్టీ ఫిల్మ్ మీద, అంటే నైట్రేట్‌లా భగ్గున అంటుకోని ఫిల్మ్ మీద, కాపీలు తీసి ఉండబట్టి ఇప్పుడు మనం చూడగలుగుతున్నాం. కాపీ తీసినా అసలు రీలుకు ఉన్న నాణ్యత మళ్లీ రాదు, ఆ నష్టం మాత్రం ఉంది.

## ఎక్కడ, ఎట్లా చూడాలి

ఫ్రీగా ఎక్కడ చూడొచ్చు?

ఫాల్కే సినిమాల ముక్కలు యూట్యూబ్‌లో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, వికీమీడియా కామన్స్‌లో ఉన్నాయి. బుద్ధుడి కథ మీద ఎడ్విన్ ఆర్నల్డ్ కావ్యం ఆధారంగా హిమాంశు రాయ్, ఫ్రాంజ్ ఆస్టెన్ 1925లో తీసిన 'ప్రేమ్ సన్యాస్' కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఆ జంటే తీసిన 'షిరాజ్' (1928), మహాభారతంలో జూదం స్ఫూర్తితో తీసిన 'ప్రపంచ పాశ' (1929) రెండింటినీ లండన్‌లోని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ చక్కగా బాగుచేసింది, వాటికి డీవీడీలు, బ్లూరేలు వచ్చాయి. 'షిరాజ్'కు అనౌష్కా శంకర్, 'ప్రపంచ పాశ'కు నితిన్ సాహ్నీ కొత్త సంగీతం చేశారు. డబ్బు పెట్టి కొనాల్సి వస్తే నేను మొదట 'షిరాజ్' కొంటాను, తాజ్‌మహల్ కట్టించిన ప్రేమ మీద ఒక నాటకం నుంచి తీసిన సినిమా, బొమ్మ నిన్న తీసినంత స్పష్టంగా ఉంటుంది.

మనుషులు అంత గబగబా ఎందుకు నడుస్తరు? నవ్వొస్తది

అది సినిమా తప్పు కాదు, వేగం తప్పు. మూకీలను సెకనుకు 16 నుంచి 20 ఫ్రేముల (విడివిడి బొమ్మల) దాకా తీసేవాళ్లు, కెమెరా చేత్తో తిప్పేవాళ్లు కాబట్టి అటూ ఇటూ అయ్యేది. టాకీల వేగం 24. పదహారుతో తీసినదాన్ని 24తో ఆడిస్తే గంట సినిమా 40 నిమిషాల్లో అయిపోతుంది, అందరూ పరుగెత్తుతున్నట్టు ఉంటారు.

మా మొదటి ప్రదర్శనలో నాకు ఈ సంగతి తెలియదు. డౌన్‌లోడ్ చేసింది ఉన్నదున్నట్టు వేశాను. తారామతి కొడుకు కోసం ఏడుస్తుంటే హాల్లో నవ్వులు. ఎవరిని ఏమంటాం, తప్పు నాది, రాత్రంతా నిద్ర పట్టలేదు. తర్వాతి నెల అదే సినిమా ప్లేయర్‌లో వేగం 0.75 పెట్టి, అంటే సెకనుకు 18 ఫ్రేముల లెక్కకు తెచ్చి వేశాం. అదే సీను, అదే హాలు, ఒక్కరూ నవ్వలేదు. ఇంట్లో చూసేటప్పుడు మీరూ ఇదే చేయండి. కొత్తగా బాగుచేసిన కాపీలకు వేగం ముందే సరిచేసి ఉంటుంది, వాటిని కదిలించకండి.

రంగులేసి, 4కే చేసినవి ఉన్నాయి కదా, అవి చూస్తే పోలా?

చూడొద్దని అనను, కానీ అది ఆ సినిమా కాదు. ఏఐ ముఖాలను నున్నగా చేసి, లేని ఫ్రేములు కల్పించి, చీరకు తోచిన రంగు వేస్తుంది. మూకీల్లో నిజంగానే రంగులు ఉండేవి, రాత్రి దృశ్యానికి నీలం, మంటలకు ఎరుపు, ఫిల్మ్‌ను రంగు నీళ్లలో ముంచి తెచ్చేవాళ్లు. ఆ రంగులు ఎక్కడివో ఆర్కైవ్‌లు ఆధారాలు చూసి వేస్తాయి. మంచి కాపీని గుర్తుపట్టడానికి ఒక సులువు: ఏ ఆర్కైవ్ ప్రింటు, ఎన్ని నిమిషాలు, ఏ భాగాలు లేవు అనేది మొదట్లో రాసి ఉంటే నమ్మొచ్చు.

మా కాలేజీలో వేసుకోవచ్చా? కాపీరైట్ టెన్షన్ ఉందన్నా

మన చట్టంలో సినిమాకు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లే కాపీరైట్. అంటే మన మూకీలన్నీ ఎప్పుడో అందరి సొత్తు అయిపోయాయి. అయితే దానికి ఈమధ్య ఎవరో చేసిన సంగీతం వాళ్లది, ఆ ట్రాక్‌తో వేయాలంటే అనుమతి అడగాలి. అందుకే సౌండ్ పూర్తిగా ఆపేసి మీ వాయిద్యాలు మీరు పెట్టుకోవడం మేలు. మా దగ్గర నాటకాలకు వాయించిన ఒక హార్మోనిస్టు వస్తారు, రిహార్సల్ కూడా అడగరు, తెర చూస్తూ రాగం అందుకుంటారు. కీబోర్డు మీద ఇంగ్లిష్ పియానో ముక్కల కంటే ఇది వెయ్యి రెట్లు నయం. హాలు కోసం లైబ్రరీలను అడగండి, 1904 నుంచి నడుస్తున్న రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉన్న ఊరు మనది, పుస్తకం పక్కన సినిమాకూ చోటు ఉండాలి.

## ఇంట్లో డబ్బాలు దొరికితే

మా తాత టాకీసులో ఆపరేటర్. అటక మీద రేకు డబ్బాలున్నయి. తెరవాల్నా?

తొందరపడకండి. మొదట ఇంట్లో ఎవరూ సిగరెట్, దీపం, గ్యాస్ పొయ్యి దగ్గరికి ఆ డబ్బాలు తేకుండా చూడండి. గాలి ఆడే నీడలో పెట్టి, ఫొటోలు తీసి, డబ్బా మీద రాసిన ప్రతి అక్షరం నోట్ చేసుకోండి. మూత సులువుగా వస్తేనే తీయండి, స్క్రూడ్రైవర్‌తో పొడవకండి. ఫిల్మ్ అంచున చిన్న అక్షరాలు ఉంటాయి: "సేఫ్టీ" అనే ఇంగ్లిష్ మాట ఉంటే నిప్పు భయం లేనట్టు, "నైట్రేట్" అని ఉంటే ఇక ముట్టుకోవద్దు. 16 ఎంఎం, 8 ఎంఎం సన్న ఫిల్మ్ అయితే నైట్రేట్ కాదు. ఏదైనా సరే ప్రొజెక్టర్‌లో పెట్టి "ఒక్కసారి చూద్దాం" అనొద్దు, పాత ఫిల్మ్ కుంచించుకుపోయి ఉంటుంది, పళ్ల చక్రానికి తగిలి రంధ్రాలు చిరిగిపోతాయి.

మూత తీస్తే ఊరగాయ లాంటి పుల్లటి వాసన వస్తున్నది, ఏంటిది?

అది వెనిగర్ వాసన. నైట్రేట్ తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్మ్ కుళ్లేటప్పుడు అట్లా వస్తుంది. కాజీపేట వైపు మూతపడ్డ ఒక థియేటర్ సామాన్లలో మాకొక డబ్బా దొరికింది. తుప్పు పట్టి మూత రాలేదు, కొబ్బరి నూనె రాసి రెండు రోజులు ఉంచాం, తర్వాత మెల్లగా తిప్పితే వచ్చింది. కళ్లు మండేంత పులుపు. లోపల చుట్ట అంచులు వేయించిన అప్పడంలా అలలు తేలి, నడిమి భాగం గట్టిపడి ఉంది. బయటి రెండు చుట్లు విప్పితే ఏదో వార్తాచిత్రం, ఒక డ్యామ్, టోపీలు పెట్టుకున్న మనుషులు. మూకీ కాదు. అయినా దాచాం. ఇట్లాంటి డబ్బా దొరికితే మిగతా ఫిల్మ్‌ల నుంచి దూరంగా పెట్టండి, ఆ ఆవిరి పక్కవాటికీ అంటుకుంటుంది. వీలైనంత చల్లగా, పొడిగా ఉంచండి.

ఎవరికి ఇయ్యాలె? ఇస్తే మనకు వాపసు ఇస్తరా?

పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్, 1964లో పెట్టింది, 2022 నుంచి కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ కింద ఉంది. ముంబైలో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఉంది, వాళ్లు 2019 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోనే ఫిల్మ్ భద్రపరచడం మీద వారంపాటు శిక్షణ ఇచ్చారు. ముందు ఫొటోలతో రాయండి, వాళ్లు చెప్పాకే పంపండి. ఇచ్చే ముందు దానంగా ఇస్తున్నారా, భద్రపరచడానికి మాత్రమే ఇస్తున్నారా అనేది కాగితం మీద రాయించుకోండి. నైట్రేట్ అనుమానం ఉంటే కొరియర్‌లో, బస్సులో, రైల్లో అస్సలు పంపకూడదు.

ఫిల్మ్ లేదు, పాత కరపత్రాలు, ఫొటోలు ఉన్నయి. పనికొస్తయా?

చాలా. సినిమా పోయినచోట కథను, వేషాలను, ఏ ఊర్లో ఎన్ని రోజులు ఆడిందో చెప్పేవి అవే. లామినేషన్ చేయించకండి, టేపు అతికించకండి. ఫోన్‌తో పగటి వెలుతురులో ఫొటో తీసి, వెనకవైపు కూడా తీసి, కాగితాల మధ్య పెట్టి చల్లటి బీరువాలో ఉంచండి.

ఇంక దొరికే ఆశ ఏమన్న ఉందా?

ఉంది. కలకత్తా మదన్ థియేటర్స్ వాళ్లు 1919లో తీసిన 'బిల్వమంగళ్' పోయిందనే అనుకున్నారు దాదాపు వందేళ్లు. మన 'చింతామణి' నాటకంలో బిల్వమంగళుడి కథే అది. 2016లో పారిస్‌లోని సినిమాథెక్ ఫ్రాన్సేజ్ అనే ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి 594 మీటర్లు పుణె ఆర్కైవ్‌కు డిజిటల్ కాపీగా వచ్చాయి, బదులుగా మనవాళ్లు 1931 నాటి 'జమాయ్ బాబు' కాపీ ఇచ్చారు. 1916 'షెర్లాక్ హోమ్స్' కూడా 2014లో అదే పారిస్ ఆర్కైవ్ గోదాముల్లో కనిపించింది.

హైదరాబాద్‌లో తీసిన 'చింతామణి' ప్రింట్లు అప్పట్లో ఏయే ఊళ్లకు వెళ్లి ఆడాయో మేం ఇంకా వెతుకుతున్నాం. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు మీ ఇంట్లో 1922–24 నాటి ఏ చిన్న కరపత్రం ఉన్నా, శనివారం వచ్చేటప్పుడు వెంట తీసుకురండి, అక్కడే ఫొటో తీసుకుని మీది మీకు ఇచ్చేస్తాం.